అరంగుళం తక్కువ

ఆ రోజు గుమస్తా కొత్త చొక్కా వేసుకొచ్చాడు. పొద్దుటినుంచి ఆ సంగతి నాలుగుసార్లు చెప్పాడు కూడా. భార్య తన చేతులతో కత్తిరించి కుట్టిన మొదటి చొక్కా అది. కాలరు చక్కగా నిలబడింది, గుండీలు వరస తప్పలేదు. చంకల దగ్గర మాత్రం కాస్త పట్టేసింది. కొత్త బట్ట కదా, నాలుగు ఉతుకులు పడితే సర్దుకుంటుందిలే అనుకున్నాడు.

"ఏమోయ్, ఆ పై అరలో పాత ఫైలు అందుకో" అన్నారు భూతద్దంగారు.

గుమస్తా చెయ్యెత్తబోయి సగంలో ఆగి, కుర్చీ ఎక్కి తీశాడు. ఆయన కళ్ళద్దాల మీదుగా చూసి ఊరుకున్నారు. ఆ డిటెక్టివుగారు జన్మలో భూతద్దం పట్టింది లేదు. కళ్ళద్దాల మందం చూసి వీధివాళ్ళు ఆ పేరు పెట్టారు. వీధి ఏమనుకున్నా, ఆరేళ్ళుగా వెంట తిరుగుతున్న గుమస్తాకు మాత్రం ఆయన మాట వేదవాక్కు.

అప్పుడే ఒకావిడ తలుపు తోసుకుని వచ్చింది. యాభై ఏళ్ళుంటాయి. మెడలోని కొలత టేపు తియ్యడం కూడా మరిచిపోయి బయల్దేరింది. రెండు వీధుల అవతల కుట్టు కొట్టు ఆవిడది. కటింగులో ఆవిడను మించినవాళ్ళు లేరని అందరూ మాస్టరమ్మ అంటారు.

"నన్ను దోచేశారండీ" అంది కూర్చోకుండానే.

"ఏం పోయింది?"

"ఏమీ పోలేదు. అన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. అదే నా ఏడుపు."

నీళ్ళు తాగాక అసలు సంగతి చెప్పింది. ముప్పై ఏళ్ళుగా నేర్చిన కటింగును నలభై పాఠాలు చేసి, ఫోను స్టాండుకు పెట్టి తనే వీడియోలు తీసుకుంది. ఏడాది పట్టింది. పదిహేను రోజుల క్రితం అమ్మకానికి పెడితే కొన్నది పదకొండు మంది. నిన్న ఎవరో అమ్మాయి కొట్టుకొచ్చి, మీ పాఠాలు భలే ఉన్నాయి మాస్టరమ్మా, మా వీధి మొత్తం ఒక్క మెమరీ కార్డుతో నేర్చేసుకున్నాం అని మనసారా మెచ్చుకుని, ఆ కార్డు చేతిలో పెట్టింది. చౌరస్తాలో కాపీల కొట్లో ఎక్కించి ఇస్తున్నారట.

"దొంగెవరో నాకు తెలుసండి. పాఠాలున్న డ్రైవు బీరువాలో ఉంటుంది. తాళంచెవి నా దగ్గరొకటి, కాజాలక్క దగ్గరొకటి. పన్నెండేళ్ళుగా నా కొట్లో కాజాలు కుడుతోంది, ఇంటి మనిషిలా చూసుకున్నా. రేపు సాయంత్రం పంపించేస్తున్నా. మీరు రుజువు చూపిస్తే చాలు."

"రుజువు కోసం వచ్చారా, దొంగ కోసం వచ్చారా?"

 దొంగ అనే మాట ఒకసారి పడిందంటే చుట్టుపక్కల ఏ కుట్టు కొట్టూ కాజాలక్కను గడప తొక్కనివ్వదు. అది ఆ గదిలో ముగ్గురికీ తెలుసు.

భూతద్దంగారు ఆవిడ తెచ్చిన కార్డును కంప్యూటర్లో పెట్టించారు. తెర మీద ఆకుపచ్చ బల్ల, సుద్దముక్క కనపడి, మాస్టరమ్మ గొంతు వినపడేసరికి గుమస్తా ఉలిక్కిపడ్డాడు. ఇంతసేపూ అవి కావులే అని సర్దిచెప్పుకున్నాడు కానీ, ఇరవై రోజులుగా అతని ఇంట్లో మోగుతున్న పాఠాలే ఇవి. చౌరస్తాలో ఎక్కించుకొచ్చి, కొనుక్కొచ్చానని భార్యకు చెప్పాడు. ఆమె ఎంతో మురిసిపోయింది.

పన్నెండో పాఠం దగ్గర మాస్టరమ్మ తెర మీదికి వంగింది. "ఇదేంటి? ఇది తీసేసిన పాఠం. చంక లోతు అరంగుళం తక్కువ గీశాను. తప్పు తెలిశాక మళ్ళీ తీసి, పాతది చెరిపేశా. ఇది ఎక్కడా ఉండకూడదే!"

"తప్పు ఎవరు పట్టుకున్నారు?"

"నేనే" అంది ఆవిడ, ఒక్క క్షణం ఆలస్యంగా.

గుమస్తా చెయ్యి తనకు తెలియకుండానే చంక దగ్గరికి పోయింది. నోరు విప్పాల్సింది అప్పుడే. విప్పలేదు. కాగితాలు సర్దుతూ కూర్చున్నాడు.

మర్నాడు సాయంత్రం భూతద్దంగారూ గుమస్తా కుట్టు కొట్టుకు వెళ్ళారు. భార్య ముచ్చట కాదనలేక గుమస్తా ఆ రోజూ అదే చొక్కా వేసుకున్నాడు. పొడుగాటి కటింగు బల్ల, దాని కింద పీలికల గుట్ట, గోడవార మూడు మిషన్లు. మేకుకు ఒక పాత కొలతల పుస్తకం వేలాడుతోంది. అట్ట లేదు, అన్నీ జిరాక్సు కాగితాలే. బల్ల మీద పరిచిన బట్టకు సుద్దగీతలు ఉన్నాయి. ప్రతి గీత పక్కనా ఒక ఎర్రచుక్క.

"ఈ చుక్కలేంటమ్మా?" అని అడిగారు భూతద్దంగారు.

కిటికీ దగ్గర కాజాలు కుడుతున్న కాజాలక్క తలెత్తింది. ఏడ్చి ఏడ్చి కళ్ళు వాచి ఉన్నాయి. "రెండో కన్నండి. గీసినవాళ్ళు కాకుండా ఇంకొకళ్ళు చూసి చుక్క పెడితేగానీ ఇక్కడ కత్తెర పడదు. మాస్టరమ్మ గీసినా సరే."

"పాఠాలకూ రెండో కన్ను నువ్వేనా?"

"లేదండి. అవి సరిచూసుకున్న రెండు వారాలూ నేను రాలేదు. మణికట్టు బెణికి ఇంట్లో ఉన్నా."

వెనక గదిలో మాస్టరమ్మ అన్నయ్య ఇస్త్రీ చేస్తున్నాడు. ఎదురుగా దారపు ఉండకు ఆనించిన ఫోనులో సినిమా నడుస్తోంది, మొన్న వారం విడుదలైనది.

"వీడియోల గొడవ నాకేం తెలుసు బాబూ? నా ఫోనులో నెట్టు కూడా లేదు" అన్నాడతను.

"మరి సినిమా?"

"కార్డులో ఎక్కించుకుంటా. చౌరస్తాలో మనవాడే."

భూతద్దంగారు తల ఊపి, అందరినీ కటింగు బల్ల చుట్టూ రమ్మన్నారు. కాజాలక్క వస్తూనే బీరువా తాళంచెవి తీసి బల్ల మీద పెట్టింది.

"ముందు ఆ తాళంచెవి సంగతి తేలుద్దాం" అన్నారాయన. "బీరువాలో ఉన్నది దిద్దిన పాఠం. బజార్లో తిరుగుతున్నది దిద్దకముందుది. కాబట్టి ఈ దొంగతనానికి బీరువాతో పనే లేదు. తప్పు పాఠం చూసినవాళ్ళెవరో వాళ్ళ దగ్గర్నుంచే పోయింది. మాస్టరమ్మా, ఎవరి తప్పు వాళ్ళ కంటికి ఆనదనే కదా మీరు చుక్క పెట్టే పద్ధతి పెట్టుకున్నారు? మీ తప్పు మీరే పట్టుకున్నానంటే ఎలా నమ్మమంటారు? ఆ రెండు వారాలూ కాజాలక్క లేదు. రెండో కన్ను ఎవరు?"

ఆవిడ మెడలోని టేపును వేలికి చుట్టుకుంది. మెల్లగా అంది: "అన్నయ్య. నలభై పాఠాలూ తన ఫోనులో వేసిచ్చా. ఇస్త్రీ చేసే మనిషి నాకు కటింగు దిద్దాడంటే నలుగురూ నవ్వుతారని చెప్పలేదు."

"చూశానమ్మా, కాదన్నానా?" అన్నాడు అన్నయ్య. "చూసి చెరిపేశా. కాజాలామె పనిలోకి వచ్చాక, పాతది నువ్వు చెరిపేలోపు నీ ఫోను ఎప్పుడు తీసి చూసిందో నాకేం తెలుసు?"

మాస్టరమ్మ కళ్ళు మళ్ళీ కాజాలక్క వైపు తిరిగాయి. అన్న మీద అనుమానపడటం కంటే అదే ఆవిడకు తేలిక.

"ఇంకో సాక్షి ఉన్నాడు" అన్నారు భూతద్దంగారు. "నేను పిలవను. అతనంతట అతను రావాలి."

ఆయన ఎవరి వైపూ చూడలేదు. గుమస్తా నేల మీది పీలికల్ని చూస్తున్నాడు. కార్డు ఎక్కిస్తూ కాపీల కొట్టువాడు అన్న మాట అతని చెవుల్లో గింగురుమంటోంది. అది చెబితే ఆరేళ్ళ గౌరవం గంగలో కలుస్తుంది. చెప్పకపోతే ఎదురుగా ఉన్న కాజాలక్క బతుకు కలుస్తుంది. బడిపిల్లాడిలా చెయ్యెత్తాడు. ఎత్తీ ఎత్తగానే చొక్కా చంక దగ్గర పర్రుమని చిరిగింది.

ఎవరూ నవ్వలేదు.

"ఆ పాఠాలు మా ఇంట్లో ఉన్నాయండి" అన్నాడు. "ఇరవై రోజులయింది, ఇంకా అమ్మకానికి పెట్టకముందే. 'తాజా సరుకు, ఆవిడ అన్నే తెచ్చాడు, బదులు పది సినిమాలు ఎక్కించుకుపోయాడు' అన్నాడు కొట్టువాడు. ఈ చొక్కా ఆ పన్నెండో పాఠం చూసి కుట్టిందే. నిన్ననే చెప్పాల్సింది. సిగ్గేసి చెప్పలేదు."

అన్నయ్య ఇస్త్రీ గుడ్డను నలిపి నలిపి ఉండ చేశాడు. "ఒక్కడికే ఇచ్చానమ్మా. ఇస్తే నీకేం తరుగుద్ది, పాఠం మీ దగ్గరే ఉంటుందిగా అన్నాడు కొట్టువాడు. నిజమే కదా అనుకున్నా. ఇంతమందికి పోతుందనుకోలా."

"మీ అందరికీ నా కష్టం ఊరికే వచ్చిందనుకున్నారా?" మాస్టరమ్మ గొంతు లేచింది. "ఏడాదిపాటు నిలబడి నిలబడి కాళ్ళు వాచిపోయాయి. ఒక్కళ్ళకైనా..."

"మాస్టరమ్మా" అన్నారు భూతద్దంగారు, గోడ మేకును చూస్తూ. "మీరు పని నేర్చుకున్న ఆ పుస్తకం ఎవరు రాశారు?"

ఆవిడ వెనక్కి తిరిగి ఆ కాగితాలను చూసింది.

"తెలీదండి" అంది. "అట్ట జిరాక్సు తియ్యలేదు."

ఆ తర్వాత ఆవిడ గొంతు లేవలేదు. తాళంచెవిని బల్ల మీదుగా కాజాలక్క వైపు జరిపి, "నా కళ్ళు మూసుకుపోయాయే, మనసులో పెట్టుకోకు" అంది. కాజాలక్క తాళంచెవి ముట్టుకోలేదు. లేచి, సూదిలో దారం ఎక్కించుకుని గుమస్తా దగ్గరికి వచ్చింది.

"మీకు ముందే తెలుసా గురువుగారూ?" అన్నాడు గుమస్తా, తల ఎత్తకుండా.

"నిన్న ఫైలు కోసం నువ్వు కుర్చీ ఎక్కావు. తర్వాత పన్నెండో పాఠం చూశాం."

"మరి అడగలేదేం?"

"నువ్వే చెప్తావనుకున్నా. పొద్దున్న కూడా అనుకున్నా."

తిట్టినా బాగుండేదనిపించింది గుమస్తాకు.

"చెయ్యి కాస్త ఎత్తండి" అంది కాజాలక్క. చిరుగు అంచులు దగ్గరికి లాగి చూసింది. ఆమె వేళ్ళ నిండా సూది పొడిచిన మచ్చలు. "కుట్టు ఊడలేదండి, బట్టే చిరిగింది. మీ ఆవిడ చెయ్యి చాలా గట్టిది. తప్పంతా కొలతలోనే ఉంది. ఆమె తప్పేం లేదని ఇంటికెళ్ళి చెప్పండి, పాపం, తనకి పని రాలేదేమో అనుకుంటుంది."

ఇంటికెళ్ళి చెప్పాల్సింది అదొక్కటే కాదని గుమస్తాకు తెలుసు. ఆమె కుట్టడం పూర్తయ్యేదాకా, అందరూ చూస్తుండగా, ఎత్తిన చెయ్యి దించకుండా నిలబడ్డాడు.