పెద్దల్లుడి రివాల్వర్

బయటినుంచి చూస్తే ఖమ్మంలో ఫజల్ దుకాణం సైకిళ్ళు బాగుచేసే కొట్టులా ఉండేది. లోపల అద్దాల బీరువా నిండా తుపాకులు. ఎనభై తొమ్మిది ఎండాకాలంలో, లైసెన్సులు చేతికొచ్చిన వారం, నేనూ నా తోడల్లుడు వెంకటరామారావూ కలిసి వెళ్ళాం. జూలూరుపాడు దాటాక అడవి అంచున మా ఇద్దరి పత్తి చేలూ పక్కపక్కనే ఉన్నాయి. ఆ దారిలో ఎలుగుల భయం ఉంది. నడుముకి ఒకటి ఉంటే మంచిదనుకున్నాం.

ఫజల్ పొడుగు గొట్టాలవి పక్కకు జరిపాడు.

"రోజూ పెట్టుకొని తిరిగేదానికి పొట్టిదే తీస్కోండి సేట్. కూసుంటే గుచ్చుకోదు, అంగీ కింద కనబడదు."

బల్ల మీద రెండు పెట్టాడు. రెండూ ఆరు గుళ్ళవి, రెండింటికీ నల్ల చెక్క పిడి. చూడ్డానికి కవలలే. చేత్తో పట్టుకుంటే తెలుస్తుంది తేడా. మొదటిదాని పిడి నా అరచేతికి కొలిచి చేసినట్టు కుదిరింది. మూడు వేళ్ళూ సరిగ్గా సరిపోయాయి. గుళ్ళ చక్రం చప్పుడు లేకుండా తిరిగింది. ఇదే నాది అనుకుని బల్ల మీద పెట్టి, లైసెన్సు కాగితం తెచ్చుకోవడానికి మోటారు సైకిల్ దగ్గరికి వెళ్ళాను. తిరిగొచ్చేసరికి అది వెంకటరామారావు చేతిలో ఉంది. ఫజల్ అప్పటికే దాని నంబరు అతని కాగితంలో ఎక్కించాడు.

"ఇది బాగుంది అన్నయ్యా" అన్నాడతను నవ్వుతూ.

అడిగితే ఇచ్చేవాడే. నేను అడగలేదు. నేను ఎప్పుడూ అడగను, లోపల్లోపల ఉడికిపోతాను. పుట్టుకతో వచ్చిన గుణం.

మధిరలో మా మామగారికి ఇద్దరే కూతుళ్ళు. నా భార్య పద్మావతమ్మ పెద్దది, అతని భార్య నిర్మలాదేవి చిన్నది. వరస ప్రకారం పెద్దల్లుణ్ణి నేను. కానీ జీపు అతనిది. మణుగూరు వైపు రోడ్డు కాంట్రాక్టులు అతనివి. భోజనాల దగ్గర మామగారి పక్క పీట కూడా అతనిదే. మా ఊళ్ళో ఎవరైనా పెద్దల్లుడు అంటే అతన్నే అనుకునేవారు. వినీ వినీ నా చెవులు కాలిపోయేవి.

ఇక నాకు మిగిలిన రివాల్వర్ సంగతి. చక్రం రెండుసార్లు బాగానే తిరిగేది, మూడోసారికి పట్టేసేది. పిడి పట్టుకుంటే చిటికెన వేలు బయటే ఉండిపోయేది. ఫజల్‌కి చూపిస్తే పూటలో బాగుచేసేవాడు. కానీ ఆ మాట వెంకటరామారావుకి తెలుస్తుంది, నా మీద జాలిపడతాడు. అందుకని నోరు మూసుకున్నాను.

నవంబరులో ఎన్నికలొచ్చాయి. ఎన్నికలంటే లైసెన్సు తుపాకులన్నీ ఠాణాలో జమ చేయాలి. ఇద్దరం ఇచ్చొచ్చాం. మమ్మల్ని ఎరిగిన రైటరు గుడ్డల్లో చుట్టి, పేర్లు రాయకుండా చీటీలు కట్టాడు. పెద్దల్లుడు, చిన్నల్లుడు.

ఫలితాలొచ్చాక నేనొక్కణ్ణే వెళ్ళాను. ఆరోజు రైటరు లేడు. కొత్త కానిస్టేబులు ఎవరని అడిగితే, పెద్దల్లుణ్ణి అన్నాను. ఆ మాట చెప్పుకోవడం నాకు ఎంత ఇష్టమో అతనికేం తెలుసు. ఆ చీటీ ఉన్న మూట తీసి ఇచ్చాడు. విప్పి పిడి పట్టుకున్నాను. మూడు వేళ్ళూ సరిపోయాయి.

"నంబరు సూస్కున్నరా సార్?"

"చూశాను" అన్నాను.

నిజంగానే చూశాను. అది నా నంబరు కాదు. రైటరు కూడా పెద్దల్లుడంటే వెంకటరామారావునే అనుకున్నాడు. సంతకం పెట్టి బయటికొచ్చాను. రెండో మూట అతనికి చేరుతుందని తెలుసు. మూడో గుండుకి చక్రం పట్టేస్తుందనీ తెలుసు. పది రోజులు ఉంచుకుని చెబుదామనుకున్నాను. ఆ రోజులన్నీ దాన్ని నడుముకి పెట్టుకుని ఊరంతా తిరిగాను. అంత సంతోషం నా జన్మలో ఎరగను.

తొమ్మిదో రోజున, మణుగూరు దారిలో వాగు దగ్గర, పిల్లలతో ఉన్న ఎలుగు వెంకటరామారావు మీద పడింది. డ్రైవరు గోపాలు వచ్చి చెప్పాడు.

"రెండు పేలినయ్ సార్. మూడోది నొక్కుతనే ఉన్నడు... పేలలే."

రివాల్వర్ వాగులో పడిపోయింది. పోలీసులు రెండ్రోజులు వెతికినా దొరకలేదు. దొరికితే నంబరు చూస్తారు, నా బతుకు తెల్లారుతుంది. దొరకలేదని తెలిసి నేను లోపల ఊపిరి పీల్చుకున్నాను. శవం దగ్గర మామగారు, నా పెద్దల్లుడు పోయాడని గుండెలు బాదుకున్నారు. నేను ఆయన పక్కనే నిలబడి ఉన్నాను. దాచడమెందుకు, ఆ శవాన్ని చూసి కూడా నాకు కుళ్ళు పుట్టింది.

పెద్దకర్మకి ముందురోజు నిర్మలాదేవి ఒక పని చెప్పింది. మణుగూరులో అతని కిరాయి గదిలో బట్టలున్నాయి, తెచ్చిపెట్టమంది. కాదనలేకపోయాను. ఆ బట్టల మూట మోటారు సైకిల్ వెనక కట్టుకుని బయల్దేరేసరికి సాయంత్రం ఐదైంది.

చలికాలం. అడవిలో ఆరింటికే కళ్ళు కనబడవు. తడి ఆకులు కుళ్ళిన వాసన, నా వెనక మూటలోంచి అతను రాసుకునే అత్తరు వాసన. అదే వాగు మధ్యలోకి వచ్చేసరికి ఇంజను దగ్గి ఆగిపోయింది. లైటూ ఆరిపోయింది. పిక్కల దాకా నీళ్ళు. కీచురాళ్ళు అరుస్తున్నాయి. ఉన్నట్టుండి అవీ ఆగిపోయాయి.

అప్పుడు వినబడింది. వాగు ఎగువనుంచి ఎవరో నీళ్ళలో నడిచి వస్తున్నారు. నేను బండిని ఒక అడుగు తోస్తే అదీ ఒక అడుగు. నేను ఆగితే అదీ ఆగుతుంది. తడిసిన బొచ్చు వాసన ముక్కుకి కొట్టింది.

నడుము దగ్గరికి చెయ్యి పోనిచ్చాను.

పిడి తడిగా ఉంది... నడుము దాకా నేను తడవనేలేదు.

బయటికి లాగాను. చిటికెన వేలు బయటే ఉండిపోయింది. చేతికి కుదరడం లేదు. ఇసుక గరగరా రాలింది.

చీకటిలోకి గురిపెట్టి నొక్కాను. చక్రం కదిలింది, పేలలేదు. మళ్ళీ నొక్కాను... పేలలేదు. మూడోసారి... పట్టేసింది.

చెవి పక్కనే, వెచ్చటి ఊపిరితో, మెల్లగా...

"అన్నయ్యా... నాది నేను తీసుకున్నా."

బండిని వాగులోనే వదిలేసి పరుగెత్తాను. వెనక ఏదీ రాలేదు. ఎలుగూ రాలేదు, మనిషీ రాలేదు. ఇంటికొచ్చి దీపం కింద చూసుకున్నాను. గొట్టం నిండా వాగు ఇసుక. దాని మీద ఉన్నది నా నంబరే.

తెల్లారగానే ఠాణాకి వెళ్ళి రివాల్వరూ లైసెన్సూ రెండూ ఇచ్చేశాను. కానిస్టేబులు కాగితంతో సరిచూసి, అంతా కరెక్టుగానే ఉంది సార్ అన్నాడు. నన్ను పట్టించే ఆధారం ఈ లోకంలో ఇంక లేదు. సంతోషించాల్సిన మాటే.

అది జరిగి మూడు నెలలైంది. ఇప్పుడు నేను నడుముకి ఏమీ పెట్టుకోవడం లేదు. అయినా కూర్చుంటే కుడిపక్క బరువు తెలుస్తుంది. స్నానానికి చొక్కా విప్పితే ఒంటి మీద ఎర్రటి అచ్చు ఉంటుంది. పిడి, చక్రం, పొట్టి గొట్టం, అన్నీ విడివిడిగా కనబడతాయి. పద్మావతమ్మ చూసి భయపడింది.

"ఏమండీ, మళ్ళీ ఎక్కడిది తెచ్చారు? ఎందుకు పెట్టుకు తిరుగుతున్నారు?"

లేదన్నా నమ్మలేదు. బీరువా, మంచం కింద, బట్టల్లో అంతా వెతికింది. కొబ్బరినూనె రాసి చూసింది, పోలేదు. మొదట్లో ఆ అచ్చులో గొట్టం కిందికి, తొడ వైపు ఉండేది. పోయిన వారం బొడ్డు వైపు తిరిగింది. ఈ పొద్దున అద్దంలో చూసుకుంటే పక్కటెముకల దాకా వచ్చి ఉంది.