ఇంటిపలక, ఒంటిపలక

ఫిర్యాదులు తేల్చే పోలిక కేంద్రం గుమ్మం దాటగానే అందరూ చలువతొడుగులు విప్పి కొక్కేలకు తగిలించారు. వకుళ చేయెత్తేసరికి పక్క కొక్కేనికి అత్తగారి తొడుగు వేలాడుతోంది. ఆమె గది చివరిదాకా నడిచి, తన తొడుగును ఆఖరి కొక్కేనికి తగిలించి వచ్చింది. భర్త అభిరామ్ చూసీ చూడనట్టు ఊరుకున్నాడు. నెల రోజులుగా అతను చేస్తున్న పని అదొక్కటే.

బయట విజయవాడ యాభై ఒక్క డిగ్రీల ఎండలో ఉడికిపోతోంది. వేసవిలో మొహం బయటపెట్టి వీధిలో నడవడం మానేసి జనానికి రెండు తరాలైంది. తల నుంచి కాళ్ళ దాకా అందరికీ ఒకటే బూడిదరంగు తొడుగు. మరి మనిషిని పోల్చుకోవడం ఎలా? అందుకే కంట్లో కంటిపొర, నడుముకు ఒంటిపలక. ఎదుటివాళ్ళ తొడుగు పంపే గుర్తును అందుకుని, దాని మీద వాళ్ళ మొహాన్ని బొట్టుతో సహా, కట్టిన బట్టతో సహా గీసి చూపించడం, వాళ్ళ గొంతు వినిపించడం ఒంటిపలక పని. ఇళ్ళకు కిటికీలు లేవు గనుక, వీధిని గోడ మీద గీసి చూపడానికి ఇంటిపలక వేరే ఉంటుంది. రెండింటి మీదా తరగతిని చెప్పే అంకె ఒకటే కొట్టి అమ్ముతారు. గొడవ ఆ అంకెతోనే మొదలైంది.

"మా ఇంటిపలక మీదా తొమ్మిదే, దీని నడుముకున్న పలక మీదా తొమ్మిదే," అంది చక్రాల కుర్చీలో ఉన్న మౌనికమ్మ. పేరుకు మౌనికే గాని, డెబ్భై ఏళ్ళలో ఆవిడ నోరు మూతపడింది తక్కువ. "ఇంట్లో కూర్చుంటే వీధి చివర పిల్లి మీసాలు కూడా కనబడతాయి నాకు. దీనికి మాత్రం నడిబజార్లో అత్త కనబడలేదంట! నేను తుంటి విరిగి పడుంటే, పేరు పెట్టి పిలుస్తుంటే, నా మొహంలోకి చూసి మరీ వెళ్ళిపోయిందండీ. చావనీ అనుకుంది."

"నేను చూడలేదు," అంది వకుళ, గోడకేసి చూస్తూ.

ఎండలో పడిపోయినవాళ్ళను చూసి కూడా వదిలేసి పోతే రెండేళ్ళ జైలు. ఫిర్యాదు చేసింది అత్తగారు. అయినా ముగ్గురూ ఒకే ఇంట్లో ఉంటున్నారు, ఎందుకంటే చల్లటి ఇల్లు ఇంకొకటి ఎక్కడా దొరకదు. చూడలేదన్న మాట నిజమే. చూసి ఉంటే ఆగేదాన్నా అని ఈ నెల్లో వకుళ తనను తాను చాలాసార్లు ప్రశ్నించుకుంది. సూటిగా జవాబు రాలేదు. అదే ఆమెను జైలుకంటే ఎక్కువ భయపెట్టింది.

పోలికాధికారి షమీమా రెండు పలకలనూ బల్ల మీద పెట్టింది. ఇంటిపలక ఇనప్పెట్టెంత ఉంది. వకుళ ఒంటిపలక అరచేతిలో ఇమిడిపోయింది.

"అంకె ఒకటే పెద్దమ్మా, తిండి ఒకటి కాదు," అంది షమీమా. "ఇంటిపలక ఆరు వందల వాట్లు తాగుతుంది. దాన్ని చల్లబరచడానికి నీళ్ళగొట్టం, పంకా ఉంటాయి. ఒంటిపలకకి దక్కేది ఎనభై. అది కూడా వేడెక్కనంతవరకే. పరీక్షలో మీరే చూద్దురుగాని."

ఒంటిపలకను గాజుపెట్టెలో పెట్టి లోపల యాభై ఒక్క డిగ్రీలు చేసింది. పటమట కూరగాయల బజారులో మౌనికమ్మ పడిన రోజు ఉదయం నమోదైన దృశ్యాన్ని రెండింటికీ ఒకేసారి ఎక్కించింది. రెండు వందల పధ్నాలుగు మంది జనం. ఎడమ గోడ మీద ఇంటిపలక గీసిన బజారు, కుడి గోడ మీద ఒంటిపలక గీసినది.

మొదట రెండూ దాదాపు ఒకేలా ఉన్నాయి. లెక్క మాత్రం ఎడమవైపు సెకనుకు నూట నలభై బొమ్మలని, కుడివైపు డెబ్భై అని చూపించింది. పదో నిమిషానికి కుడివైపు లెక్క ముప్పై ఎనిమిదికి పడింది. ఆ తర్వాత కుడి గోడ మీద ఒక్కొక్క మొహమే చెరిగిపోతూ, ఉత్త బూడిద తొడుగులు మిగలడం మొదలైంది.

పధ్నాలుగో నిమిషంలో ఎడమ గోడ మీద మౌనికమ్మ జారిపడింది. ఎర్రంచు చీర, నొప్పితో తెరుచుకున్న నోరు, చాచిన చేయి, అన్నీ స్పష్టంగా కనబడ్డాయి. కుడి గోడ మీద అదే చోట, ఉల్లిపాయల బస్తాల పక్కన, ఇంకో బస్తాలాగా ఏదో ఉంది. మొహం చెరిపినవాళ్ళ గొంతును కూడా పలక రద్దీ చప్పుడులో కలిపేస్తుందట. ఆ రోజు వకుళ ఆ బస్తాను దాటుకుని వెళ్ళిపోయింది.

"ఈవిడకి మీరు కనబడలేదు, వినబడలేదు. ఫిర్యాదు కొట్టేస్తున్నాను," అంది షమీమా.

వకుళ మొహం చేతుల్లో దాచుకుని ఏడ్చేసింది. అభిరామ్ నెల రోజుల తర్వాత మొదటిసారి ఆమె భుజం మీద చేయి వేశాడు.

మౌనికమ్మ మాత్రం వదల్లేదు. "మరి నాకెట్టా కనబడిందమ్మా అది? నా నడుముకున్నదీ ఒంటిపలకే. అదే ఎండ, అదే జనం. నాది వేడెక్కలేదా?"

షమీమా తటపటాయించింది. "అది తీర్పుకి అవసరం లేదు పెద్దమ్మా."

"నాకు అవసరం."

మౌనికమ్మ పలకను కూడా గాజుపెట్టెలో పెట్టారు. అదీ వేడెక్కింది. మొహాలు వరసగా చెరిగిపోయాయి. పధ్నాలుగో నిమిషానికి ఆ బజారంతటిలో ఒక్క మొహమే మిగిలింది. కనుబొమ మీది పుట్టుమచ్చతో సహా, వకుళది.

"పలక అలిసిపోతే అందర్నీ గీయలేదు," అంది షమీమా మెల్లగా. "మీరు ఎవర్ని ఎంతసేపు చూస్తారో కంటిపొర రోజంతా లెక్కపెడుతుంది, ఇంట్లో కూడా. తక్కువ చూసేవాళ్ళని ముందు చెరిపేస్తుంది. మనిషి తనకు కావలసినవాళ్ళనే ఎక్కువ చూస్తాడని దీన్ని తయారుచేసినవాళ్ళు అనుకున్నారు. మీరు మీ కోడల్ని రోజుకి నాలుగు గంటలు చూస్తున్నారు."

"నన్ను?" అన్నాడు అభిరామ్, ఆపుకోలేక.

"నలభై నిమిషాలు."

అతను తల్లికేసి చూశాడు. ఆవిడ మొహం కందగడ్డలా అయింది. "దాన్ని కనిపెట్టి చూడకపోతే కొంప గుల్ల చేస్తుంది! అందుకని చూశాను. అంతేగాని దాని మొహంలో ఏముందని?"

"పలకకి అదేం తెలియదు," అంది షమీమా.

"నా లెక్క?" అని అడిగింది వకుళ. అడగకుండా ఉంటే బాగుండేది.

"తెలియనివాళ్ళు పోయాక, మీకు తెలిసినవాళ్ళలో అందరికంటే ముందు పోయింది మీ అత్తగారే. రోజుకి పదకొండు సెకన్లు."

చేపలమ్మే ఆమె కూడా ఆ తర్వాతే చెరిగింది. పెళ్ళైన ఏడేళ్ళుగా వకుళ కంచం పెట్టేటప్పుడు కంచాన్నే చూసింది, జవాబు చెప్పేటప్పుడు గోడను చూసింది. ఆ మొహం కంటబడకుండా బతకడం నేర్చుకున్నాననుకుని లోలోపల గర్వపడింది కూడా. బజారులో ముసలిదాన్ని బస్తాగా మార్చింది ఎండ ఒక్కటే కాదు.

ముగ్గురూ కారులో ఇంటికి చేరారు. అభిరామ్ తల్లిని మంచం మీద పడుకోబెట్టి తన గదిలోకి వెళ్ళి తలుపేసుకున్నాడు. వకుళ కంచంలో అన్నం, చారు కలిపి తెచ్చింది. ఎప్పటిలా బల్ల మీద పెట్టి వెళ్ళిపోకుండా కుర్చీ లాక్కుని ఎదురుగా కూర్చుంది. అత్తగారి మొహంలోకి చూసింది. ఎడమ కన్ను కాస్త చిన్నది. గడ్డం కింద పాత కాలిన మచ్చ. పై పెదవి ఆగకుండా సన్నగా వణుకుతోంది. ఇన్నేళ్ళూ ఇవేవీ వకుళకు తెలియవు.

"ఏంటే అట్టా చూస్తావు?" అంది మౌనికమ్మ.

"మళ్ళీ ఎక్కడైనా పడితే గుర్తుపట్టాలి కదా, అత్తయ్యా."

"చాల్లే, అటు తిరుగు."

వకుళ తిరగలేదు. ఏడేళ్ళు తనను రెప్ప వేయకుండా చూసిన మనిషి ఒక్క నిమిషం కూడా ఆ చూపును తట్టుకోలేకపోయింది. కళ్ళు దించుకుని, పమిట చెంగు లాక్కుని మొహం మీద కప్పేసుకుంది.