చెరిపినా పోని లైను

ఏజెంట్ లక్ష్మణను ఉదయం ఏడింటికి కోరాపుట్ బస్టాండులో కాల్చేశారు. అతని జేబులోని ఫ్లాపీ తోటి ఏజెంట్ సుజన చేతికి వచ్చింది. మధ్యాహ్నం రెండూ నలభైకి అది రాయగడలో, గోవిందరాజులు డి.టి.పి. షాపులో ఉంది.

ఊరంతా బంద్. షట్టర్ దించేశారు. కరెంటు లేదు. యు.పి.ఎస్. కీచుమంటోంది.

"ఒక సొరంగంలో బాంబుంది," ఫోనులో చీఫ్ సోమేశ్వరరావు గొంతు. "నంబరు లక్ష్మణ రిపోర్టులో రాశాడు. ప్యాసింజరు రైలు దారిలో ఉంది, డ్రైవరుకు కబురందదు. మూడున్నరలోపు బాంబు స్క్వాడ్ ట్రాలీ అక్కడికి చేరాలి. ఈ ఫోను లైను ముఠా వింటుంది. పెళ్లి కార్డుల లెక్కలో చెప్పు."

పెళ్లికూతురి అక్క వేషంలో ఉన్న జూనియర్ ఏజెంట్ పద్మప్రియ కంప్యూటర్లో ఫ్లాపీ పెట్టింది. ఫైలు తెరుచుకోలేదు. లక్ష్మణ విండోస్‌లో టైపు చేసిన రిపోర్టును సుజన కోరాపుట్ ఆఫీసులోని లినక్స్ మెషీన్లో కాపీ చేసి తెచ్చింది. ఇప్పుడు స్క్రీన్ నిండా డబ్బాలు, ప్రశ్నార్థకాలు.

"ఏటమ్మి, దెయ్యం పట్టిందేటి దీనికి?" అన్నాడు గోవిందరాజులు.

సుజన పట్టుచీర సర్దుకుంటూ నవ్వింది. "వదిలెయ్ పద్మా. పాడవకముందే చదివాను. పన్నెండో సొరంగం. ఫోన్ చెయ్."

"ఒక్కసారి నోట్‌ప్యాడ్‌లో చూస్తాను మేడమ్. అక్షరాలేవైనా మిగిలుంటే కనిపిస్తాయి."

సుజన షట్టర్ సందులోంచి వీధిలోకి చూస్తోంది. పద్మప్రియ చెత్తనంతా దాటుకుంటూ కిందికి పోయింది. మధ్యలో రెండు వాక్యాలు: 'సొరంగం 27. సుజన వాళ్ల మనిషి.' ఫైలు అడుగున, తర్వాత తెచ్చి అతికించినట్టు: 'సొరంగం 12.'

మార్పులను అడుగున మాత్రమే చేర్చే ఫాస్ట్ సేవ్ పెట్టిన ఫైలులో చెరిపిన మాట పోదు. తెర మీద కనబడదంతే.

సుజన సెంటు వాసన వీపు వెనక వచ్చి ఆగింది. పద్మప్రియ విండో మూసేసింది.

"ఏముంది?"

"అన్నీ డబ్బాలే మేడమ్."

బయటికి దారి ఒక్కటే, అది మూసి ఉంది. సుజన హ్యాండ్‌బ్యాగులో పిస్టలుంటుంది. ఆమె రిసీవర్ అందించి పక్కనే నిలబడింది.

"పన్నెండు కార్డులు సార్," అంది పద్మప్రియ. "మూలలకు పసుపు అంటలేదు."

పసుపు లేని కార్డు శుభకార్యానిది కాదు. ఢిల్లీలో పెరిగిన సుజనకు ఆ సంగతి తెలియదు. చీఫ్‌కు తెలుసు.

"పసుపు అంటినవి?"

"ఇరవై ఏడు."

లైను కట్టయింది. పిస్టల్ బయటికొచ్చింది.

"తెలివి ఎక్కువైంది నీకు."

"బాబాయ్, షట్టర్ లేపండి!"

"బందు పూటా? నన్ను సంపేత్తారమ్మి!" అన్నాడు గాని, గోవిందరాజులు పిస్టల్ వైపు ఒక్కసారి చూశాడు. షట్టర్ ఘర్రుమని లేచింది.

"ఎవడ్రా కొట్టు తెరిసింది?" ముప్ఫైమంది పికెటింగ్‌వాళ్లు ఒక్క ఉదుటున షాపులోకి తోసుకొచ్చారు, వాళ్ల వెనకే లాఠీలతో పోలీసులు. అంతమంది ముందు సుజన వేలు కదలలేదు. ఆ చేతిని ఇన్‌స్పెక్టర్ పట్టుకున్నాడు.

మూడూ ఇరవై ఎనిమిదికి ఫోన్ మోగింది.

"దొరికింది. వైరు కోసేసరికి సొరంగం మొగలో ఇంజను కూత. ఇంతకీ ఫైలు పాడైందన్నారే?"

"పాడవబట్టి లోపల వెతికాను సార్. బాగా తెరుచుకుని ఉంటే పన్నెండే నమ్మేదాన్ని."