తొంభై మూడు కౌంట్

"హత్య జరగబోతోంది హేమంత్‌. చంపబోయేది రూపాయిని," అన్నారు గంగాధరరావుగారు.

బుధవారం మధ్యాహ్నం మూడు గంటలు. గుండుగొలను దాటాక హైవే పక్కన ఆపిన తెల్లకారులో ఇద్దరే కూర్చుని ఉన్నారు. గంగాధరరావుగారు ఇంటెలిజెన్స్‌లో ఆర్థిక నేరాల విభాగానికి చీఫ్‌. పొద్దున్నే ఢిల్లీలో విమానం ఎక్కి వచ్చారు. హేమంత్‌కుమార్‌ ఆయన ఏజెంటు. నలభై రెండేళ్ళ మనిషి. పదకొండు నెలలుగా కొల్లేరు ఒడ్డున రాంబాబు అనే పేరుతో, రొయ్యల చెరువుల్లో నీళ్ళు పరీక్షించే టెక్నీషియన్‌గా బతుకుతున్నాడు. కథల్లో గూఢచారులకి ఎర్ర కారుంటుంది. మనవాడికి ఉన్నది ఓ పాత బైకు, దానికీ వానాకాలం స్టార్టింగ్‌ ట్రబుల్‌.

బ్రీఫింగ్‌ అయిదు నిమిషాల్లో అయిపోయింది. ఢిల్లీలో సంకీర్ణ ప్రభుత్వం ఓ చిన్న పార్టీ మద్దతు మీద నిలబడి ఉంది. శుక్రవారం విశ్వాస పరీక్ష. ఈలోగా ఒక విదేశీ ముఠా ఆ పార్టీ అధినేత మద్దతు ఉపసంహరించుకుంటున్నట్టు ఏఐతో నకిలీ వీడియో తయారుచేసింది. మొహం, గొంతు, మధ్యలో వచ్చే పొడిదగ్గు, అన్నీ ఆయనవే. అది బయటికొస్తే ప్రభుత్వం పడిపోయిందనే అందరూ అనుకుంటారు. విదేశీ మదుపరులు షేర్లూ బాండ్లూ అమ్మేసి, చేతికొచ్చిన రూపాయలు ఇచ్చి డాలర్లు కొనుక్కుంటారు. అందరూ ఒకేసారి డాలర్ల మీద పడితే రూపాయి విలువ జారిపోతుంది. ఈరోజు డాలరుకి ఎనభై ఏడు రూపాయలు. ముఠా ఆ రేటుకి ముందే బోలెడు డాలర్లు కొని పెట్టుకుంది.

"నిజం తేలాక మళ్ళీ లేస్తుంది కదా సార్‌?"

"లేస్తుంది. ఈలోగా వాళ్ళు అమ్ముకుని లాభం పట్టుకుపోతారు. పెరిగిన డీజిలు రేటు మనకి మిగుల్తుంది. ప్రభుత్వం మారినప్పుడు రూపాయి ఊగడం మామూలే హేమంత్‌. ఇక్కడ రూపాయిని ఊపడానికి ప్రభుత్వాన్ని మార్చి చూపిస్తున్నారు."

వీడియో ఒకే ఒక్క లాప్‌టాప్‌లో ఉందనీ, కాపీలు లేవనీ చెప్పారాయన. ముఠా నాయకుడి కోడ్‌నేమ్‌ ఆస్కార్‌. ఏ దేశం వాడో తెలీదు. సొంత మనుషులనే నమ్మడు. అతను కొల్లేరులోనే ఎక్కడో దాగున్నాడు. ఎక్కణ్ణుంచి, ఎప్పుడు వదులుతాడో కనిపెట్టడం హేమంత్‌ పని. వెళ్ళేముందు గంగాధరరావుగారు ఒక డీవో మీటరు చేతిలో పెట్టారు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్‌ ఎంతుందో చూపించే ఈ మీటరు కొల్లేరులో ప్రతి టెక్నీషియన్‌ చేతిలోనూ ఉంటుంది. దీన్లో మాత్రం ఎర్ర బటన్‌ నొక్కితే వంద గజాల లోపల ఏ సిగ్నలూ పనిచెయ్యదు. బ్యాటరీ నాలుగు నిమిషాలు వస్తుందన్నారు. అంతేనా అని హేమంత్‌ అడిగితే, టెండరు తక్కువ కోట్‌ చేసినవాడికే ఇవ్వాలి కదయ్యా అన్నారు.

ఈ పదకొండు నెలల్లో హేమంత్‌ని అసలు పేరుతో పిలిచినవాళ్ళు ఇద్దరే. ఒకరు ఈయన, అదీ పని చెప్పడానికి. రెండోది ప్రసన్న.

ప్రసన్న ఏలూరులో అచ్యుతరావు అనే రొయ్యల ఎగుమతిదారు ఆఫీసులో మేనేజరు. నల్ల కళ్ళద్దాలు, ఖరీదైన చీరలు, నాలుగు భాషలు. ఆవిడ ఆఫీసులోకి వస్తే గుమాస్తాలు కీబోర్డు మీద చేతులు మర్చిపోతారు. ముఠా ఆవిడ తమ మనిషి అనుకుంటుంది. డిపార్ట్‌మెంటు తమ మనిషి అనుకుంటుంది. రెండు చోట్లా జీతం తీసుకుంటుంది కాబట్టి రెండు చోట్లా ఆవిడ మీద అనుమానమే. ప్రతి బుధవారం సాయంత్రం తాడేపల్లిగూడెం ఉల్లిపాయల మార్కెట్లో హేమంత్‌ ఆవిణ్ణి కలుస్తాడు.

ఆవేళా అయిదింటికి బస్తాల మధ్య ఆవిడ పక్కన నిలబడి, గిట్టుబాటు చూసుకుంటున్నవాడిలా ఒక పాయ చేతిలోకి తీసుకున్నాడు.

"కర్నూలు పాయా, మహారాష్ట్ర పాయా?"

"ఏదైనా ఏడిపించేదే కదండీ."

కోడ్‌వర్డ్‌ సరిపోయింది. మామూలుగా అయితే పని మాట రెండు నిమిషాలు, తర్వాత ఆవిడ గొంతు తగ్గించి "హేమంత్‌గారూ, భోంచేశారా?" అని అడుగుతుంది. ఆ ఒక్క ప్రశ్న కోసం మనవాడు వారమంతా ఎదురుచూస్తాడు. సిగ్గుపడాల్సిన పనేం లేదు. పగలంతా వేరేవాడి పేరుకి పలుకుతూ, సాయంత్రం గోడలు చూసుకుంటూ కూర్చునే మనిషికి తన పేరు వినబడటం చిన్న విషయం కాదు. ఆ బుధవారం మాత్రం ప్రసన్న కళ్ళద్దాలు తియ్యలేదు. శుక్రవారం ఉదయం, ఏలూరులో ఒక తివాసీల గోడౌన్‌ నుంచి వదుల్తారని చెప్పింది. అంతే, వెళ్ళిపోయింది. పేరు పెట్టి పిలవలేదు. భోంచేశారా అని అడగలేదు. ఏజెంటుగా ఆలోచించాల్సింది పోయి, హేమంత్‌ మామూలు మగాడిలా మనసు కష్టపెట్టుకున్నాడు. కబురు మాత్రం చీఫ్‌కి పంపాడు. చీఫ్‌ మనుషులందరినీ ఏలూరు గోడౌన్ల చుట్టూ పెట్టించారు.

హేమంత్‌ ఉండేది ఒక లంక గ్రామంలో, బుల్లెమ్మగారింట్లో, ముందుగదిలో. బుల్లెమ్మ ఇరవై ఏళ్ళుగా చెరువుగట్ల మీద రొయ్యలు ఏరి, తూచే పనిలో ఉంది. అద్దెతో పాటు పూటకింత అన్నం కూడా పెడుతుంది. ఆవేళ ఏడింటికి వడ్డిస్తూ ఫోన్లో రొయ్యల రేట్ల గ్రూపు పెట్టింది. వెయ్యిమంది ఉన్న గ్రూపు అది. రోజుకి వంద వాయిస్‌ మెసేజీలు వస్తాయి. వాటిలో ఒకటి ప్రసన్న గొంతు.

"రేపు తొంభై మూడు కౌంట్‌ లోడింగు. ఉదయం తొమ్మిదింటికి. అచ్యుతరావుగారి ఏడో నంబరు చెరువు."

బుల్లెమ్మ గరిటె పక్కన పెట్టి పగలబడి నవ్వింది. కిలోకి ఎన్ని రొయ్యలు తూగితే అన్ని కౌంటని చెరువుల మీద చిన్నపిల్లలకి కూడా తెలుసు. దీన్లో నవ్వేముందని హేమంత్‌ అడిగాడు.

"ముందురోజు చెప్పేవాళ్ళు తొంభై అంటారు, లేపోతే వంద అంటారండి. తొంభై మూడని వల లాగి తూచాకే తెలిసేదండి. వల వెయ్యకుండా, రేపు తూగే రొయ్యల్ని ఈవిడ ఇవాళే ఎలా లెక్కపెట్టేసిందండీ?"

హేమంత్‌ నోట్లో ముద్ద నోట్లోనే ఉండిపోయింది. తొంభై మూడు రొయ్యల లెక్క కాదు. రూపాయిని డాలరుకి తొంభై మూడు దాకా పడగొడతారు. రేపు, గురువారం, ఉదయం తొమ్మిదింటికి, కరెన్సీ మార్కెట్‌ తెరిచే నిమిషాన. ఏడో నంబరు చెరువు నుంచి. ఈ కబురు ఆ వెయ్యిమందిలో కలిసిపోయిన ముఠా మనుషుల కోసం. చెప్పిన గొంతు ప్రసన్నది. తనకి మాత్రం శుక్రవారమని చెప్పింది.

పెరట్లోకి వెళ్ళి చీఫ్‌కి ఫోన్‌ చేశాడు. ఆయన రెండు నిమిషాల్లో ఎంక్వయిరీ చేసి మళ్ళీ చేశారు. ఆ పార్టీ అధినేత రేపు ఎనిమిదిన్నర నుంచి పదిన్నర దాకా విమానంలో ఉంటాడట. వీడియో అబద్ధమని ఖండించడానికి ఎవరికీ దొరకడు. టైమ్‌ అందుకే అలా పెట్టారు. చెరువు గట్టు మీద జీపు కనిపిస్తే మూడు కిలోమీటర్ల ముందే తెలిసిపోతుంది, ఆస్కార్‌ లాప్‌టాప్‌తో పడవెక్కేస్తాడు. కాబట్టి పోలీసులు రోడ్డు మీదే ఉంటారు. లోపలికి వెళ్ళాల్సింది టెక్నీషియన్‌ రాంబాబు ఒక్కడే.

"ప్రసన్న సంగతేమిటి?" అన్నారు చీఫ్‌.

"మనకి అబద్ధం చెప్పింది సార్‌."

"అయితే అడ్డొస్తే కాల్చెయ్‌. ఇది ఆర్డర్‌."

హేమంత్‌ సరే అన్నాడు. తర్వాత చాలాసేపు పెరట్లోనే నిలబడ్డాడు. తనని పేరు పెట్టి పలకరించే ఒక్క మనిషిని తన చేత్తోనే చంపుకోవాలి. ఇలాంటి కష్టం పక్కింటివాళ్ళకి చెప్పుకోవడానికి కూడా వీల్లేదు.

పొద్దున్న ఎనిమిదిన్నరకి భుజాన సంచీ, చేతిలో మీటరు, కాలికి పిస్టలు కట్టుకుని ఏడో నంబరు చెరువు చేరాడు. నీళ్ళలోకి గాలి చిలికే ఏరియేటర్లు తిరుగుతున్నాయి. గట్టు మీద రేకుల షెడ్డు, దాని నెత్తిన డిష్‌. నీళ్ళు చూస్తున్నట్టు వంగుతూ వంగుతూ షెడ్డు వెనక్కి వెళ్ళి, మేత బస్తాల చాటున కూర్చున్నాడు. కిటికీలోంచి ముగ్గురు కనిపించారు. లాప్‌టాప్‌ ముందు గడ్డం గీసుకోని విదేశీయుడు, ఆస్కార్‌. పక్కన ప్రసన్న. గుమ్మం దగ్గర అచ్యుతరావు. రూపాయి పడితే ఎగుమతుల్లో డాలరుకి ఆరు రూపాయలు ఎక్కువొస్తాయి కదా, దేశానికేమైతే నాకేమిటి అనుకుని షెడ్డు వీళ్ళకిచ్చిన పెద్దమనిషి ఆయన.

ఆయన ప్రసన్న మీద విసుక్కుంటున్నాడు. "అసలు లెక్క తొంభై మూడైనా, తొంభై అని గుండ్రంగా చెప్పమన్నాను కదమ్మా. తొంభై మూడన్నావు. రాత్రి నుంచి గ్రూపులో జనం ఒకటే నవ్వు."

"నోరు జారిందండి," అంది ప్రసన్న.

ఆరేళ్ళుగా రొయ్యలు అమ్ముతున్న మనిషికి ఆ ముక్క దగ్గర నోరు జారదు. కొల్లేరులో ఎవరి చెవినపడ్డా నవ్వొచ్చేలా, ఆ నవ్వు తనదాకా వచ్చేలా కావాలనే చెప్పింది. హేమంత్‌కి ఒళ్ళంతా తేలికైపోయింది. బస్తాకి తల ఆనించి ఒక్క క్షణం కళ్ళు మూసుకున్నాడు.

ఎనిమిదీ యాభై ఏడుకి ఆస్కార్‌ అప్‌లోడ్‌ మొదలుపెట్టాడు. ఎనభై శాతం దాటగానే హేమంత్‌ ఎర్ర బటన్‌ నొక్కాడు. లెక్క ఎనభై ఒకటి దగ్గర ఆగిపోయింది. ఆస్కార్‌ తిట్టుకుంటూ డిష్‌ చూడటానికి నిచ్చెనెక్కాడు. వెనకవైపు చూసి రమ్మని ప్రసన్నని పంపాడు. ఆవిడ రివాల్వర్‌ పట్టుకుని బస్తాల చాటుకి వచ్చింది.

"సిగ్నల్‌ ఆపింది ఈ మీటరేనా? ఇంకా ఆన్‌లో ఉందా?"

"ఉంది."

"అయితే నిజం మాట్లాడొచ్చు. నా చెవిదుద్దులో వాళ్ళ మైకుంది హేమంత్‌గారూ. మొన్న పెట్టారు. శుక్రవారమని మీకు చెప్పించింది వాళ్ళే. నిన్న భోంచేశారా అని కూడా అడగలేకపోయాను. అడిగితే మీరు నాకేమవుతారో వాళ్ళకి తెలిసిపోయేది."

వచ్చెయ్యండి, రోడ్డు మీద మనవాళ్ళున్నారు అన్నాడు హేమంత్‌. ఆవిడ తల అడ్డంగా ఊపింది. ఆస్కార్‌ని పట్టుకుంటే ఆస్కారే దొరుకుతాడు. అతని వెనకున్నవాళ్ళు ఇంకో దేశంలో, ఇంకో కరెన్సీ మీద ఇదే నాటకం ఆడతారు. వాళ్ళెవరో తెలియాలంటే తను అతనితోనే వెళ్ళాలి. ఎన్నేళ్ళో తెలీదు. తిరిగొస్తానని మాటివ్వలేనంది.

"ఇంకోసారి పిలవండి," అన్నాడు హేమంత్‌.

"హేమంత్‌గారూ," అంది ప్రసన్న.

అంతలో నిచ్చెన మీంచి ఆస్కార్‌ చూడనే చూశాడు. ప్రసన్న చటుక్కున రివాల్వర్‌ హేమంత్‌ వైపు గురిపెట్టింది. ఒక్క ఉరుకున దిగొచ్చి, మీటరు లాక్కుని బూటుకాలితో పగలగొట్టాడు. హేమంత్‌ని మెడపట్టి షెడ్డులోకి తోశాడు. సిగ్నల్‌ వచ్చింది. ఎనభై ఆరు. తొంభై. గోడ గడియారంలో ఎనిమిదీ యాభై తొమ్మిది. బల్ల మీద లాప్‌టాప్‌, దాని ముందు హేమంత్‌, ఎదురుగా పది అడుగుల్లో ప్రసన్న.

"షూట్‌ హిమ్‌," అన్నాడు ఆస్కార్‌.

తొంభై ఆరు. తొంభై ఎనిమిది. ప్రసన్న రివాల్వర్‌ ఎత్తింది. హేమంత్‌ కదల్లేదు. తొంభై తొమ్మిది దగ్గర పేలింది. గుండు అతని చెవి పక్కనుంచి పోయి లాప్‌టాప్‌ని రెండు ముక్కలు చేసింది. గడియారం ముల్లు తొమ్మిది మీద పడింది.

"సారీ ఆస్కార్‌. కదిలాడు," అంది ప్రసన్న.

తూటా మోత విని పోలీసు జీపులు గట్టెక్కాయి. అచ్యుతరావు ఎవరూ అడక్కుండానే రెండు చేతులూ ఎత్తేశాడు. ఆస్కార్‌ ప్రసన్న చెయ్యి పట్టుకుని మోటారు పడవలోకి దూకాడు. హేమంత్‌ పిస్టలు తీసి గట్టు మీదికి పరిగెత్తాడు. ఆస్కార్‌ వీపు ముప్ఫై అడుగుల్లో, ఇంత వెడల్పున కనబడుతోంది. హేమంత్‌ రెండుసార్లు కాల్చాడు. రెండూ నీళ్ళలోకే పోయాయి. పడవ గుర్రపుడెక్క చీల్చుకుంటూ కొల్లేరు నడిమధ్యకి వెళ్ళింది. ఆవిడ వెనక్కి తిరిగి చూడలేదు. చూడకూడదు కూడా. అయినా చూస్తుందేమోనని మనవాడు పడవ కనబడినంతసేపూ నిలబడ్డాడు. ఏడుపు దాచుకోవడానికి ట్రైనింగ్‌లో ఏదో నేర్పారు గానీ అది గుర్తురాలేదు.

పదకొండింటికి చీఫ్‌ ఫోన్‌ చేశారు. అధినేత విమానం దిగి, మద్దతు కొనసాగుతుందని మైకులో చెప్పాడట. రూపాయి ఎనభై ఏడు దగ్గరే, రెండు పైసలు అటూ ఇటూగా ఉందట.

"పది అడుగుల్లో ఆవిడ గురి తప్పింది. ముప్ఫై అడుగుల్లో నీ గురి తప్పింది. రిపోర్టులో ఏం రాయమంటావ్‌?"

"గాలి ఎక్కువగా ఉందని రాయండి సార్‌."

ఆయనకి సంగతి అర్థమైపోయింది. ఆవిడ ప్రాణం కోసం ఫైలులో శత్రువులతో కలిసిపోయిందనే రాస్తానన్నారు. ఇకమీదట ఆవిడ ఊసెత్తకూడదు. ఈ లైను ఇవాళ్టితో కట్‌, ఇకపై వాడే ఫోన్లు ముఠా వినొచ్చు కాబట్టి తను కూడా రాంబాబు అనే పిలుస్తానన్నారు. సరేనా రాంబాబూ అన్నారు. సరే సార్‌ అన్నాడు.

ఆవేళ అన్నం దగ్గర బుల్లెమ్మగారింటి టీవీలో రూపాయి స్థిరంగా ముగిసిందని ఒక్క వాక్యం చెప్పి, వాతావరణంలోకి వెళ్ళిపోయారు. బుల్లెమ్మ పులుసు వడ్డిస్తూ అతని మొహంలోకి చూసింది.

"ఏవండీ రాంబాబుగారూ, ఇన్నాళ్ళనుంచీ చూస్తున్నాను. మీకోసం వచ్చేవాళ్ళు లేరు, మీరు వెళ్ళేచోటు లేదు. మీకంటూ ఎవరూ లేరాండీ?"

"ఉన్నారండి," అన్నాడు అతను. "ఈరోజే బదిలీ అయింది."