చేత్తో మార్చరాదు

లిఫ్ట్ తలుపులు తెరుచుకున్నాయి. లిఫ్ట్ మాత్రం రాలేదు.

ఆ సన్నటి మనిషి అది గమనించలేదు. భుజాన లాప్‌టాప్ బ్యాగు, చెవులకి ఆ పొద్దున్నే డబ్బా విప్పిన కొత్త హెడ్‌ఫోన్స్, చూపు ఫోన్ మీద. వెనక నుంచి ఒక చెయ్యి అతని వీపు మీద పడింది. అది తోసినట్టు కూడా లేదు, కిక్కిరిసిన బస్సులో 'కాస్త జరగండి' అని తాకినట్టుంది. అతను చీకట్లోకి అడుగేశాడు. హెడ్‌ఫోన్స్ తలుపు అంచుకి తగిలి ఇవతలే పడ్డాయి. ఆ చెయ్యి వాటిని తీరిగ్గా తీసి కోటు జేబులో వేసుకుంది.

లిఫ్ట్ రిపేరు, దురదృష్టం అని రాసుకుని పోలీసులు చేతులు దులుపుకున్నారు. ఆ రాతని నమ్మని మనిషి ఊళ్ళో ఒక్కడే ఉన్నాడు. అతను ఒక కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో కూర్చుంటాడు.

"దూరపు చూపుకి అద్దాలు కావాలి. ఫ్రేము మా తాతగారిది," అంది కౌంటర్ దగ్గరికొచ్చిన ఆవిడ.

"తాతగారు క్షేమమేనా?" అడిగాడు దుకాణదారు.

"చూపు తప్ప అంతా భేషుగ్గా ఉంది."

దుకాణదారు పక్కకి తప్పుకున్నాడు. అద్దాల బీరువా చప్పుడు లేకుండా గోడలోకి జరిగింది.

ఆమెని ఆ గదిలో నడిచే రహస్య గూఢచారి డిపార్ట్‌మెంట్‌లో వడ్రంగిపిట్ట అంటారు, పిలవడానికి వీలుగా వడ్రంగి. ఒకచోట పొడవడం మొదలుపెడితే పురుగు బయటపడేదాకా ఆపదని ఆ పేరు. ఈ ఉద్యోగంలోకి రాకముందు ఆమె ప్రోగ్రామర్. డిపార్ట్‌మెంట్ పెద్దని అందరూ పెద్దాయన అంటారు. ఆయన బట్టతల నిమురుకుంటూ ఒక ఫొటో ముందుకి తోశాడు.

"పోయినవాడు ఏం పని చేసేవాడో నాకు ఇప్పటికి చాలామంది చెప్పారు. అందరికీ తలూపాను. నువ్వు చెప్పు, ఈసారి అర్థం చేసుకుంటాను."

"అది వెబ్ అనలిటిక్స్ కంపెనీ సార్. ఏ వెబ్‌సైట్‌కి ఎవరొచ్చారు, ఎక్కణ్ణుంచి వచ్చారు, ఏ పేజీలో ఎంతసేపు ఆగారు అని లెక్కేసి సైటు సొంతదారుకి చెప్తుంది. సైటు ఆ కంపెనీతో మాట్లాడే ద్వారం పేరు API. అక్కడ మాట్లాడ్డానికి ప్రతి సైటూ తన ప్రోగ్రాంలో కలుపుకునే రెడీమేడ్ కోడ్ పేరు క్లయింట్ లైబ్రరీ."

"దాన్ని ఇతను రాసేవాడు."

"ఎవరూ రాయరు సార్. API వివరాలన్నీ ఒక ఫైల్లో ఉంటాయి. జనరేటర్ అనే ప్రోగ్రాం దాన్ని చదివి, టెంప్లేట్ల అచ్చులో పోసి, లైబ్రరీ మొత్తం తనే కక్కేస్తుంది. ప్రతి ఫైలు నెత్తి మీదా ఒక హెచ్చరిక: 'ఇది యంత్రం రాసింది. చేత్తో మార్చరాదు.' ఇతను మెయింటెయినర్. తన డిజిటల్ తాళంతో సంతకం పెట్టి విడుదల చేస్తాడు. మర్నాటికల్లా అది వేల సైట్లలో ఉంటుంది."

పెద్దాయన చెయ్యి బట్టతల మీదే ఆగింది. "యంత్రం రాసింది కదా అని ఎవరూ చదవరు."

"ఇప్పుడు అర్థమైంది సార్ మీకు."

"అయితే ఇది చుట్టాల పనే."

సరిహద్దు అవతలి ఆ గూఢచారి ముఠాకి డిపార్ట్‌మెంట్ పెట్టిన పేరు చుట్టాలు. చెప్పకుండా వస్తారు, వచ్చాక కదలరు, పోతూపోతూ ఏదో ఒకటి పట్టుకుపోతారు.

"ఆ సైట్లలో ఒకటి ఒక పత్రికది," అన్నాడు పెద్దాయన. "అందులో ఒక పేజీ ఉంది. చుట్టాల ఆగడాలు తెలిసినవాళ్ళు పేరు చెప్పకుండా సమాచారం పంపే పేజీ. ఎవరు పంపుతున్నారో చుట్టాలకి తెలిసిపోతే?"

"ఊళ్ళో లిఫ్టులు చాలవు సార్."

ఆయన ఒక అట్టపెట్టె తెరిచాడు. నెరిసిన విగ్గు, చెవి మిషను.

"కంపెనీవాళ్ళు రిటైరైన ప్రోగ్రామర్‌ని తాత్కాలికంగా పిలిపించుకుంటున్నారు. అది నువ్వే."

"నలభై కూడా నిండనిదాన్ని ముసలమ్మని చేస్తున్నారు."

"చెవి మిషనులో నేనుంటాను."

"మీరు ఎప్పుడూ చెవిలో జోరీగే కదా సార్. కొత్తేముంది."

"లోపల మన మనిషి ఒకతె ఉంది. కోయిల. సెక్యూరిటీ కన్సల్టెంట్ వేషం. ఏం కావాలన్నా ఆమెని అడుగు."

కోయిల నడిచొస్తుంటే ఆఫీసులో కీబోర్డుల చప్పుడు ఆగిపోయేది. తెల్ల కోటు, పొడుగాటి మెడ, ఎప్పుడూ వేళ్ళ మధ్య తిరుగుతుండే వెండి లిప్‌స్టిక్. కొత్త మెయింటెయినర్‌కి కుర్చీ చూపిస్తూ చెవి దగ్గరికి వంగింది.

"విగ్గు భలే కుదిరిందక్కా. ఆయన చనిపోయిన వారమంతా నేను ఊళ్ళోనే లేను. ఉంటే ఇలా కానిచ్చేదాన్నా?"

అది పోయినవాడి కుర్చీయే. సీటు అతని ఒంటికి అలవాటుపడి ఒక పక్కకి కుంగి ఉంది. ఆ మధ్యాహ్నమే అతని భార్య సామాన్లు తీసుకెళ్ళడానికి వచ్చింది. కప్పు, స్వెట్టర్, పాప గీసిన బొమ్మ ఒక్కొక్కటే సంచిలో పెట్టుకుంది. తర్వాత సొరుగంతా మళ్ళీ వెతికింది.

"ఏం పోయిందమ్మా?" అడిగింది వడ్రంగి.

"హెడ్‌ఫోన్స్, పిన్నిగారూ. నేనే కొన్నాను. ఆ రోజు పొద్దున్నే డబ్బా విప్పి, మురిసిపోతూ పెట్టుకెళ్ళారు. పోలీసులు బ్యాగిచ్చారు, ఫోనిచ్చారు. అవి మాత్రం అసలు లేనే లేవన్నారు."

"ఆఫీసు గొడవలేమైనా చెప్పాడా?"

"ముందురోజు భోజనం దగ్గర ఒకటే మాట. 'ఎవడూ చదవట్లేదే, నేను చదివాను' అని. నాకేం తెలుస్తుంది పిన్నిగారూ? చదివితే మంచిదేగా, ముందు తినండి అన్నాను." ఆమె సంచి గుండెకి అదుముకుంది. "ఏం చదివారని అడగాల్సింది."

వడ్రంగి ఆమెని మెట్లదాకా సాగనంపింది. తిరిగొచ్చి, అతను ఏం చదివాడో చదవడానికి కూర్చుంది.

జనరేటర్ కొత్తగా కక్కిన లైబ్రరీని పాతదాని పక్కన పెడితే తెర అంతా మార్పులే. పేర్ల వరుసలు అటూ ఇటూ అయ్యాయి, ఖాళీలు పెరిగాయి. చూసేవాడు విసిగి వదిలేయాలనే ఆ చెత్తంతా పోశారు. వడ్రంగి వదల్లేదు. రోజుల తరబడి, కళ్ళు మంటలెత్తేదాకా, లైను లైనూ పొడుచుకుంటూ పోయింది. చివరికి పురుగు దొరికింది. కనెక్షన్ తెగితే మళ్ళీ ప్రయత్నించే మామూలు ఫంక్షన్ అది. అందులో, వచ్చినవాళ్ళ వివరాలు ఇంకో అడ్రస్‌కి కూడా గుట్టుగా చేరవేసే కొన్ని లైన్లు ఉన్నాయి. ఆ అడ్రస్ ముక్కలు ముక్కలుగా దాచి ఉంది. విడుదల నంబరు పడితే తప్ప ముక్కలు కలవవు.

ఆమె ఆ లైన్లు చేత్తో కొట్టేసింది. మర్నాడు జనరేటర్ మళ్ళీ నడిచింది. లైన్లు యథాస్థానంలో ఉన్నాయి. అంటే విషం టెంప్లేట్‌లోనే ఉంది. టెంప్లేట్లు మార్చే అధికారం ఒక్కరికే ఉంది, సెక్యూరిటీ కన్సల్టెంట్‌కి.

టీ వేళకి కోయిల పక్కనొచ్చి కూర్చుంది.

"ఏమైనా దొరికిందా అక్కా?"

"ఏం దొరుకుతుంది, నా మొహం. కళ్ళు పోతున్నాయి."

"పాపం, ఆయనా ఇంతేనట. పనిలో పడితే ఒళ్ళు తెలిసేది కాదట. ఆ కొత్త హెడ్‌ఫోన్స్ తగిలించుకుని నడుస్తుంటే లిఫ్ట్ వచ్చిందో లేదో ఏం వినపడుతుంది?"

వడ్రంగి టీ ఇంకో గుక్క తాగింది. అవి కొత్తవని ఆ రోజు అతన్ని చూసినవాళ్ళకే తెలుసు. ఈమె ఆ వారమంతా ఊళ్ళోనే లేదంది.

"ఏంటమ్మా?" అంది చెవి మిషను సర్దుకుంటూ. "సరిగ్గా వినపడలేదు."

కోయిల నవ్వి వెళ్ళిపోయింది. తన అద్దాల గదిలోకొచ్చి తలుపేసుకుని వడ్రంగి పెద్దాయనకి అంతా చెప్పింది.

"కోయిల మీద నాకూ అనుమానం ఉంది," అన్నాడాయన. "విడుదల ఆపకు. సంతకం పెట్టు."

"సార్?"

"విడుదలైతే ముక్కలు కలుస్తాయి, అడ్రస్ బయటపడుతుంది. దాన్ని పట్టుకుని చుట్టాల గూటికే వెళ్తాం."

"ఈలోగా ఆ పత్రిక పేజీకి వచ్చినవాళ్ళు?"

"కొందరు నష్టపోతారు."

"నష్టపోవడమంటే చావడమా సార్?"

"ఇది ఆర్డర్, వడ్రంగీ."

ఆమెకి సంచి గుండెకి అదుముకున్న మనిషి కళ్ళ ముందు మెదిలింది. అలాంటి సంచులు ఇంకెన్ని ఇళ్ళకి పంపాలి?

"వినపడ్డంలేదు సార్," అంది. చెవి మిషను తీసి బల్ల మీది నీళ్ళ గ్లాసులో వేసింది. పెద్దాయన కేక బుడగలై పైకొచ్చింది.

సంతకం పెట్టనని మొండికేస్తే రేపు ఇంకొకర్ని ఆ కుర్చీలో కూర్చోబెడతారు. అది ఆమెకి తెలుసు. జనరేటర్ ముట్టుకోని ఫోల్డర్ ఒక్కటే ఉంది, టెస్టులది. లైబ్రరీ సరిగ్గా పనిచేస్తోందో లేదో చూసే ఆ టెస్టులు మనుషులు చేత్తో రాసినవి. విడుదల నంబరు వేశాక రోబో అనే ప్రోగ్రాం వాటిని దానంతటదే నడుపుతుంది. అన్నీ పచ్చబడితేనే లైబ్రరీ బయటికి వెళ్తుంది. వడ్రంగి ఒక చిన్న టెస్టు రాసింది. లైబ్రరీని బయటి దారులన్నీ మూసిన గదిలో నడపాలి. అది ఎవరితో మాట్లాడబోయినా వాళ్ళ అడ్రస్ పట్టుకోవాలి. అది కంపెనీ API కాకపోతే అంతా ఆపేసి, ఆ అడ్రస్‌ని పైకి చదవాలి. టెస్టుని మిగతావాటిలో కలిపేసి ఆమె చేతులు విరుచుకుంది.

తలుపు తెరుచుకుంది. కోయిల లోపలికొచ్చి గడియ పెట్టింది.

"ముసుగులో గుద్దులాట ఎందుకులే అక్కా. నువ్వు కొట్టేసిన లైన్లు నేనూ చూశాను. నీ పర్మిషన్లన్నీ తీసేశాను. సంతకం తాళం ఒక్కటే ఉంచాను. విడుదల బటన్ నొక్కు."

లిప్‌స్టిక్ మూత ఊడింది. ఎర్ర రంగు ఉండాల్సిన చోట సన్నటి గొట్టం ఉంది.

"నొక్కకపోతే?"

"ముందు ఒక మోకాలు పోతుంది. తర్వాత రెండోది."

"టైపింగ్‌కి మోకాళ్ళతో పనిలేదు." వడ్రంగి కుర్చీ తిప్పి ఆమె కళ్ళలోకి చూసింది. "అతన్ని తోసింది నువ్వేగా?"

"తొయ్యడమెందుకు, ఊరికే చెయ్యేశాను. తేలికైన మనిషి."

వడ్రంగి విగ్గు పీకి బల్ల మీద పడేసింది. కోపంతో చెంపలు కాలుతున్నాయి.

"ఆ తేలికైన మనిషి చదివాడు. నేనూ చదివాను. ఇక లోకం చదువుతుంది."

బటన్ నొక్కింది.

విడుదల నంబరు పడింది. టెస్టులు మొదలయ్యాయి. ఒక పచ్చ గీత, దాని కింద ఇంకొకటి, ఇంకొకటి. కోయిల పెదవుల మీదికి నవ్వు పాకింది. గీతలు తెర అడుగుదాకా దిగాయి. పంపిణీ అనే మాట బూడిదరంగు నుంచి వెలుగులోకి రాబోతూ ఆగింది.

ఆఖరి గీత ఎర్రబడింది. దాని కింద అడ్రస్, ముక్కలన్నీ కలిసి, నిండుగా.

లైబ్రరీ ఓపెన్ సోర్స్, అంటే దాని కోడ్ ఎవరైనా చూడొచ్చు. టెస్టు ఫెయిలైతే దాన్ని గమనిస్తున్న ప్రోగ్రామర్లందరికీ మెయిల్ వెళ్తుంది. అద్దం అవతలి హాల్లో ఫోన్లు ఒకదాని వెనక ఒకటి టింగుమన్నాయి. ఎవరో లేచి నిలబడి, "ఈ అడ్రస్ ఎవడిదిరా బాబూ?" అని అరిచారు.

కోయిల మొహం పాలిపోయింది. "ఆపు! ఆపు దాన్ని!"

"ఎలా ఆపను? నా పర్మిషన్లు తీసేశావుగా."

లిప్‌స్టిక్ పైకి లేచింది. అదే క్షణంలో నీళ్ళ గ్లాసు కోయిల మొహాన పగిలింది. గుండు మానిటర్‌లో దిగింది. కోయిల గడియ లాగి మెట్ల వైపు పరుగెత్తింది.

కింది నుంచి డిపార్ట్‌మెంట్ మనుషులు పైకి వస్తున్నారు. నిజానికి వాళ్ళని పంపింది ఆర్డర్ ధిక్కరించిన వడ్రంగిని పట్టుకోవడానికి. ఎదురుగా తడిసిన జుట్టుతో, చేతిలో లిప్‌స్టిక్ తుపాకీతో దూసుకొస్తున్న అందగత్తె కనపడేసరికి ముందు ఆమెని పట్టుకున్నారు. అది అయ్యాక వడ్రంగిని ఏం చెయ్యాలో వాళ్ళకి ఎవరూ చెప్పలేదు.

ఆ అడ్రస్ ఆధారంగా చుట్టాల గూడు దొరికింది. పత్రిక పేజీకి వచ్చినవాళ్ళలో ఒక్కరి జాడ కూడా వాళ్ళకి చిక్కలేదు. పోయినవాడి ఇంటికి విగ్గు లేకుండా వెళ్ళి, అతను ఏం చదివాడో అతని భార్యకి వడ్రంగి వివరంగా చెప్పింది. ఆమె మధ్యలో ఒక్కసారీ ఆపకుండా చివరిదాకా వింది.

కళ్ళజోళ్ళ దుకాణం వెనక గదిలో పెద్దాయన చాలాసేపు తిట్టాడు. ఆర్డర్ అన్నాడు, క్రమశిక్షణ అన్నాడు, చెవి మిషను ఖరీదు అన్నాడు. అన్నీ అయ్యాక గొంతు తగ్గించాడు.

"ఆ కంపెనీలోనే మెయింటెయినర్‌గా ఉండిపోతానన్నావట?"

"అవును సార్. ఎవరో ఒకరు చదవాలిగా."

"మంచిదే. అయితే ఆ టెస్టులో ఒక చిన్న సడలింపు కావాలి. ఒకే ఒక్క అడ్రస్‌ని వదిలెయ్యాలి."

"ఏ అడ్రస్ సార్?"

పెద్దాయన గోడ వైపు చూశాడు. "మనదే."

వడ్రంగి లేచి నిలబడింది.

"కుదరదు సార్."

"దేశ భద్రత, వడ్రంగీ."

"ఆ పేజీకొచ్చేవాళ్ళూ దేశమే సార్."

"నేను ఆర్డర్ వేస్తే?"

"అందరిలాగే బగ్ రిపోర్ట్ పెట్టండి," అంది ఆమె బీరువా జరుపుతూ. "వరుసలో చూస్తాను. మీ ముందు చాలామంది ఉన్నారు."