తాళంచెవి గుర్తు

పొద్దున్నే పాలు పొయ్యి మీద పెట్టగానే ఆ ఇల్లాలు చేసే మొదటి పని, ఫోను పైఅంచున తాళంచెవి గుర్తు ఉందో లేదో చూసుకోవడం. ఉంటే, ఫోను ఎక్కడుందో ఏం చూస్తోందో బయటికి తెలియనివ్వని వీపీఎన్ కలిసినట్టు. అంతటితో ఆమెకు నమ్మకం కుదరదు. కూతురు నేర్పినట్టు, ఫోను ఏ ఊళ్లో ఉందో చెప్పే పేజీ తెరుస్తుంది. అందులో ఎన్నడూ వినని ఊరి పేరు కనిపిస్తేనే గుండె కుదుటపడి, కూతురికి వీడియో కాల్ కలుపుతుంది.

ఇంత తతంగం ఎందుకంటే, ఆమె భర్తది ఇళ్లకు ఇంటర్నెట్ బిగించే పని. ఇంట్లో ఏ ఫోను ఏం చూసిందో కనిపెట్టడం ఆయనకు చిటికెలో పని. నిచ్చెన ఎక్కడం దగ్గర్నుంచి కేబుల్ కలపడం దాకా కూతురికి చేతులారా నేర్పాడు. ఆ పిల్ల పోయి పోయి పోటీ కంపెనీలో చేరింది. "దాని పేరు ఈ ఇంట్లో వినబడితే నెట్ పీకేస్తా" అని ఆయన ఆ రోజు ఇల్లు ఎగిరిపోయేలా అరిచాడు. కూతురు వేరే గది తీసుకుని వెళ్లిపోయింది.

ఇవాళ తాళంచెవి ఉంది. పేజీలో మాత్రం సొంత ఊరి పేరే కనిపించింది.

ఆమె కంగారుగా వీపీఎన్ ఆపి మళ్లీ పెట్టింది. పేజీలో అదే ఊరు. నిన్నటి కాల్ కూడా బయటపడిందేమో! పాలు పొంగి పొయ్యంతా పారాయి.

"మాడు వాసన ఏమిటే?" భర్త వంటింట్లోకి వచ్చాడు. "ఆ ఫోను ఇటివ్వు."

"ఛార్జింగ్ లేదండీ."

"చేతికివ్వడానికి కూడా ఛార్జింగ్ కావాలా?"

ఫోను తీసుకుని చూశాడు. "ఎవరు పెట్టారిది?"

ఇన్నాళ్లూ బిగబట్టుకున్నది ఒక్కసారిగా బయటికొచ్చింది.

"మీ కూతురే పెట్టింది! రోజూ మాట్లాడుతున్నాను. నెట్ పీకేస్తారో నన్నే గెంటేస్తారో మీ ఇష్టం. కన్నదాన్ని, దాని మొహం చూడకుండా ఉండలేను!"

ఆయన తెర మీద వేలితో ఒకసారి నొక్కాడు. "ఇది వీపీఎన్ కలవకముందు ఎప్పుడో తెరిచిన పాత పేజీ. రిఫ్రెష్ చెయ్యకుండా అదే చూస్తూ కూర్చుంటే ఊరెలా మారుతుంది?"

ఎక్కడిదో ఊరి పేరు ప్రత్యక్షమైంది.

"బాగానే పనిచేస్తోంది. పెట్టినవాళ్లకి పని వచ్చు."

"అయితే మా కాల్స్ సంగతి మీకు తెలియలేదా?" అంది తెల్లబోయి.

"ఫోను దాచావు సరే, నీ గొంతు దాచే వీపీఎన్ ఏదీ? నువ్వు మాట్లాడితే వీధి చివరిదాకా వినబడుతుంది."

ఆమె చూపు వంటింటి గుమ్మం పైకి వెళ్లింది. హాల్లో ఉండాల్సిన నెట్ పెట్టెను, అక్కడ దుమ్ము పడుతోందంటూ ఆమధ్య ఆయనే తెచ్చి ఇక్కడ బిగించాడు. ఆ తర్వాత కూతురి కాల్ ఒక్కసారి కూడా మధ్యలో తెగలేదు. అది వీపీఎన్ మహిమ అనుకుంది పిచ్చిది.

ఆయన గోడకేసి చూస్తూ అడిగాడు. "నిచ్చెన మీంచి జారిందంట కదా. మోకాలి వాపు తగ్గిందా?"

ఆమెకు కళ్లు నిండిపోయాయి. కాల్ కలిపి ఫోను ఆయన చేతిలోనే ఉంచింది.

"ఏంటమ్మా, ఇవాళ ఇంత లేటు..." అంటూనే, తెర మీద తండ్రి మొహం చూసి కూతురు బిగుసుకుపోయింది.

ఆయన గొంతు సవరించుకున్నాడు. "నీ నిచ్చెన కింద రబ్బరు తొడుగులు అరిగిపోయాయేమో, చూసుకున్నావా?"

"లేదు... నాన్నా."

"నా దగ్గర కొత్తవి ఉన్నాయి. సాయంత్రం ఇంటికొచ్చి తీసుకెళ్లు."