ఎల్లస్వామి గీసిన అప్పుల గీత

"అప్పు గంత సక్కగ పైకే పోతాందేంది సారూ?"

గళ్ల కాగితం మీద ఎర్రసిరాతో గీత గీస్తున్న ఎల్లస్వామి తలెత్తాడు. నారాయణపేటలోని ఆ చేనేత సొసైటీ గుమ్మంలో కృష్ణమ్మ నిలబడి ఉంది. నేసిన చీర అప్పగించడానికి జల్లులో తడుస్తూ వచ్చింది.

ఆమె ఎవరో అతనికి తెలుసు. వారం కిందటే సంబంధం అడిగించాడు. ఆమె తండ్రి దశరథం ఒకటే మాట చెప్పి పంపాడు. టెంపరరీ గుమాస్తాకు పిల్లనివ్వను, పర్మనెంటైతే చూద్దాం.

"అది అభివృద్ధి," అన్నాడు కాస్త గొప్పగా. "యాభై ఎనిమిదిల సొసైటీ ఇచ్చిన అప్పులు ఇరవై వేలు. ఇప్పుడు అరవై నాలుగుల డెబ్బై వేలు. ఒక్కో గడి అయిదు వేలన్నట్టు."

"గళ్లు లెక్కపెట్టుడు నాకు చెప్తరా?"

గళ్ల చీరలు నేసే వేలు కాగితం మీద గడి గడికీ నడిచింది. ఎల్లస్వామి గీతను మరిచి ఆ వేలినే చూశాడు. అరవై రెండు దగ్గర అది ఆగింది.

"ఈ రెండేండ్లు తప్పు."

"లెడ్జర్ చూసి గీసిన!"

"మా వాడకట్టుల ఎవ్వలికీ పైసా అందలె. పాతది కట్టినట్టు ఒక సంతకం, మళ్ల తీసుకున్నట్టు ఇంకో సంతకం పెట్టిచ్చుకున్నరు. పాత చీర మడతేసి కొత్తదంటే మీరు కొంటరా?"

సాయంత్రం దాకా రిజిస్టర్లు తిరగేశాడు. ఆమె మాటే నిజం. తిరగరాసిన అప్పులు తీసేస్తే ఆ రెండేళ్లూ గీత లేవనే లేదు. మర్నాడే సొసైటీ మహాసభ. ఈ గీత చూడ్డానికి జిల్లా బ్యాంకు ఆఫీసరు వస్తాడు. గీత పైకి పోతేనే పర్మనెంటు.

పొద్దున్నే సభకు పోతూ ఆమె వాకిట్లో ఆగాడు. "నా కొలువు సంగతి తెలిసి గూడ ఎందుకు చెప్పినవ్?"

"రేపు మీ ఇంట్ల బతకాల్నంటే మీ మాట నమ్మాలె గద!"

సభలో ఆఫీసరు అతను రాత్రి మళ్లీ గీసిన కాగితం చూసి ముఖం చిట్లించాడు. "అప్పులు పెరగలేదా?"

"లేదు సార్. పాతదే మళ్ల రాసుకున్నం. నూలుకు పైసలందక పదకొండు మగ్గాలు ఆగినయ్."

ఆఫీసరు కాగితం మడిచి ఫైల్లో పెట్టాడు. "నీ పర్మనెంటు సంగతి వచ్చే ఏడు చూద్దాం. నూలు అప్పులకు దరఖాస్తు మాత్రం రేపే పంపు."

తల దించుకుని బయటికొస్తుంటే దశరథం ఎదురొచ్చాడు.

"పిలగా, బిడ్డ మగ్గం ఒక్కటే నడుస్తాంది, నా మగ్గం ఆగిందని పక్కింటోనికి గూడ చెప్పుకోలేదు, సిగ్గయి. నువ్వు సభల చెప్పినవ్. ఐతారం మీ అమ్మను తోలుకరా."

"కొలువు..."

"అయినప్పుడు అయితది తీయ్!"

వెనక నిలబడ్డ కృష్ణమ్మ కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. తండ్రి నాలుగడుగులు ముందుకు పోయేదాకా ఆగి, మెల్లగా అంది. "నేను నేసిన చీర నేనెన్నడూ కట్టలె. ఐతారం కట్టుకుంట. చూస్తవా?"

ఎల్లస్వామి తలూపాడు. ఒకసారి చాలదన్నట్టు మళ్లీ మళ్లీ ఊపాడు.